ఎడమ వెనక డోరు

ఆ పెట్టె మా ఇంటికి వచ్చేనాటికి నేను గుణింతాల దగ్గర ఉన్నాను. అప్పటికి నాకు నలభై దాటాయి. పాల్వంచలో మా కంపెనీ క్వార్టర్ల వెనక ఒక రేకుల గదిలో ఆడవాళ్లకు మధ్యాహ్నం పూట బడి నడిచేది. పెట్టె మీదున్నదంతా ఇంగ్లీషు రాత. నాకు తెలిసింది బొమ్మ ఒక్కటే. గుండ్రటి పెద్ద దీపాలు, పొడుగాటి ముక్కు, పక్కన తగిలించిన టైరు. పాతకాలం నాటి నల్ల కారు.

మా ఆయన ప్లాంటులో ఫిట్టరు. బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఇంజనీరు ఇల్లు ఖాళీ చేస్తూ, విప్పే తీరిక తనకు దొరకలేదని ఆ పెట్టెను ఆయన చేతిలో పెట్టారట. మూత తీస్తే లోపల కారు లేదు. ప్లాస్టిక్ పుల్లలకు కాయల్లా వేలాడుతున్న ముక్కలు, వంద పైచిలుకు. ప్రతి ముక్క పక్కనా ఒక అంకె. ఒక్కొక్కటే కోసి, గీకి, అతికిస్తే జానెడు కారు అవుతుందన్నమాట.

"గింత వయసొచ్చినంక బొమ్మలాటేందయ్యా?" అన్నాను.

ఆయన మూత మీది బొమ్మను కిటికీ వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. "ఉస్తాదు షెడ్డుకొచ్చే బండి లెక్కనే ఉన్నదే ఇది. అదే బండి కాదు గాని దాని చెల్లె."

ఉస్తాదు అంటే ఆయనకు పని నేర్పిన మెకానిక్. ప్లాంటులో చేరకముందు మా ఆయన ఖమ్మంలో ఆ షెడ్డులో నాలుగేళ్లు పని చేశాడు. భద్రాచలం అడవుల్లో కలప పని చేయించే ఒక కాంట్రాక్టరుకు అప్పట్లో దొరల కాలం నాటి కారు ఉండేది. దానికి ఏ సామానూ బజారులో దొరికేది కాదు. చెడిపోయిన ప్రతి భాగాన్నీ ఉస్తాదు వేరే బండ్ల ఇనుములోంచి పుట్టించేవారు. పనివాళ్లతో ఆయన అనే మాట ఒకటే: "కండ్లతోని కాదురా, వేలు పెట్టి చూడు." మా పెళ్లయిన కొత్తలో నేను మా ఆయన ఇంటి మనుషుల కన్నా ముందు ఈ ఉస్తాదు గురించే విన్నాను.

పెట్టె కొన్ని నెలలు అటక మీదే ఉంది. దసరాకు ఎప్పటిలాగే ఉస్తాదును చూడడానికి వేంసూరు వెళ్లాం. షెడ్డు ఎప్పుడో మూతపడింది. అప్పటికే షుగరు వల్ల ఆయనకు చూపు పోయి, కూతురి దగ్గర ఉంటున్నారు. ఆ రోజు టీ గ్లాసు ఆయన చేతిలోంచి జారింది. కూతురు నేల తుడుస్తుంటే ఆయన నవ్వడానికి ప్రయత్నించారు.

"వేళ్ల కొనలు మొద్దుబారుతున్నయిరా. వేపాకేదో కరివేపాకేదో తెలుస్తలేదు. కాళ్లయితే ఎప్పుడో పోయినయి. ఇగ చేతుల వంతని దవాఖానాల చెప్పిండ్రు."

తిరుగు బస్సు సత్తుపల్లి దాటింది. మా ఆయన కిటికీ వైపు చూస్తూనే అన్నాడు: "ఆ బండి చెయ్యాలె. ఆయన వేళ్లు చచ్చిపోకముందే ఆయన చేతిల పెట్టాలె."

మర్నాడు అటక మీది పెట్టె దిగింది.

పెట్టెలో చెప్పినట్టు అతికిస్తే వారంలో అయిపోయేదేమో. కానీ కళ్లున్నవాళ్లు చూసి మెచ్చుకోవడానికి చేసిన బొమ్మ అది. డోర్లన్నీ గోడలో గోడగా పోతపోసి ఉన్నాయి, తెరుచుకోవు. చక్రాలు పక్కకు తిరగవు. స్టీరింగు ఎడమవైపు ఉంది. "ఈ ముక్క పట్టుకొని ఉస్తాదు ఏం చూస్తడు? ఆయన డోరు తెరుస్తడు. బానెట్ లేపుతడు," అన్నాడు మా ఆయన. అంతే, పెట్టెలోని కాగితం మడిచి పక్కన పడేసి, తలలో ఉన్న బండిని చేయడం మొదలుపెట్టాడు.

రెండు గంటలకు షిఫ్టు దిగి, తిని, కిటికీ కింద పీట వేసుకొని కూర్చునేవాడు. పెద్ద పెద్ద పంపులు విప్పి బిగించే చేతులవి, అరచేతులు చెప్పుల్లా ఉంటాయి. ఆ చేతులు అంత చిన్న పని చేయడం నేను మొదటిసారి చూశాను. డోరు అంచు వెంట బ్లేడుతో గీసేవాడు. అదే గీత మీద మళ్లీ, మళ్లీ.

"ఒక్కసారి గట్టిగ వత్తితే అయిపోదా?"

"వత్తితే పగులుద్ది. ఊకె గీసుకుంట పోవాలె, అదే ఇడుస్తది."

నాలుగు డోర్లు అలా విడివడడానికి చాలా రోజులు పట్టింది. మడతబందులకు పాలపొడి డబ్బా రేకు కత్తిరించాడు. వాటిలో దూర్చే పుల్లలకు కాలిపోయిన మోటారులోని రాగి తీగ. పెట్టెలో వచ్చిన చక్రాల ఊచలు అగ్గిపుల్లలంత లావుగా ఉన్నాయని, సైకిల్ బ్రేకు వైరు పోగులు విడదీసి ఒక్కో ఊచనూ మళ్లీ పెట్టాడు. స్టీరింగును కుడివైపుకు మార్చాడు. దాన్ని తిప్పితే ముందు చక్రాలు తిరిగిన రోజున నన్ను పొయ్యి దగ్గర్నుంచి లాక్కొచ్చి చూపించాడు. తాను తిప్పకుండా నన్ను తిప్పమన్నాడు.

రంగు దగ్గర మాత్రం నాకు విసుగొచ్చింది. ఒక పూత వేసి, ఆరాక నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ పూత.

"చూపు లేని మనిషికి గింత నలుపెందుకయ్యా?"

"గరుకుంటే వేలుకు తెల్వదా?"

నేను రుద్దే కాగితం తడిపి ఇచ్చాను.

సీట్లు నా వంతయ్యాయి. ఆటో సీట్లు కుట్టే కొట్టులో పారేసిన రెక్సిన్ ముక్కలు తెచ్చి, లోపల బూరుగు దూది కూరి, సన్నసూదితో కుట్టాను. బండి నంబరు ఆయనకు కంఠస్థం. ఆ నంబరు ప్లేటు కూడా నాతోనే రాయించాడు. నా రాతలో పలకా పుస్తకమూ దాటి బయటికొచ్చింది అదే మొదలు.

చివరికి మాఘమాసంలో బండి తయారైంది. మూడు డోర్లు చప్పుడు లేకుండా వచ్చి తమ చోట్లో కూర్చునేవి. ఎడమ వెనక డోరు మాత్రం వెంట్రుకవాసి కిందికి జారి, మూసినా అంచు బయటికి కనిపించేది. నేను చూసి చెప్పాను.

"దాన్ని ముట్టకు," అన్నాడు.

"ఎందుకట్ల వదిలేసుడు? మూడు మంచిగున్నయి గద?"

"ముట్టకన్న కదనే. అది గట్లనే ఉంటది."

అలసిపోయాడనుకున్నాను. కొత్తగా చదువు నేర్చిన మనిషికి ఒక జబ్బు ఉంటుంది. మా బడి టీచరమ్మ గీతలు గీసిచ్చి, అక్షరం గీత మీద కూర్చోవాలనేది. కిందికి జారితే తుడిపించి మళ్లీ రాయించేది. అప్పటినుంచి గోడ మీది పటం వంకరగా ఉన్నా, చాప మూల మడతపడినా నా చెయ్యి ఊరుకునేది కాదు. బయల్దేరే ముందురోజు ఆయన డ్యూటీలో ఉండగా తల పిన్ను తీసి, ఆ డోరు రాగి తీగను కొద్దిగా పైకి వంచాను. మూడో ప్రయత్నానికి డోరు చక్కగా కూర్చుంది. గీత కూడా కనిపించలేదు. ఆయనకు చెప్పలేదు. ఉస్తాదు మెచ్చుకున్నాక చెబుదామనుకున్నాను.

బస్సులో ఆయన బండిని అట్టపెట్టెలో తువ్వాలతో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా పెట్టెను రెండు చేతులతో గాలిలోకి లేపేవాడు. పక్క సీటాయన నవ్వాడు.

"ఏందన్నా, కోడిగుడ్లా?"

"అవ్, పొదుగుతున్న," అన్నాడు మా ఆయన.

ఉస్తాదు వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నారు. సంగతి చెప్పగానే కూతురిని పిలిచి నీళ్లు తెప్పించుకొని చేతులు కడుక్కున్నారు. తుడుచుకొని, అరచేతులు ఒకదానికొకటి వేడెక్కేదాకా రుద్దుకున్నారు. అప్పుడు గానీ ఒళ్లో పెట్టించుకోలేదు.

చూడడం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. ముక్కు దగ్గర మొదలుపెట్టారు. కొనలు మొద్దుబారాయి కదా, వేళ్ల పక్కలతో, బొటనవేలి గోటితో చూశారు. దీపాల మీద గుండ్రంగా తిప్పారు. బానెట్ లేపారు, లోపల వేలు పట్టకపోతే చెవి దగ్గర పెట్టుకొని గోటితో తట్టారు. ఊచల మీద గోరు పోనిచ్చి వీణ తీగల్లా మోగించారు. స్టీరింగు దొరకగానే చిటికెనవేలితో తిప్పి, రెండో చేత్తో ముందు చక్రాన్ని పట్టుకున్నారు.

"అరే! తిరుగుతున్నదిరో!"

సీట్ల దగ్గర ఆగారు. "ఇది నీ కుట్టు కాదురా."

"మీ కోడలు కుట్టింది ఉస్తాద్."

"అట్ల చెప్పు. నీ కుట్టయితే గోనెసంచి లెక్కుంటది."

తర్వాత డోర్లు. కుడివైపు రెండూ తెరిచి మూశారు, తల ఊపారు. ఎడమ ముందుది, తల ఊపారు. ఎడమ వెనకది తెరిచి మూశారు. మళ్లీ తెరిచి మూశారు. మూడోసారి గోరును అంచు వెంట పైనుంచి కిందికి నడిపించారు. ముఖంలో నవ్వు పోయింది.

"మంచిగ చేసినవ్ బిడ్డా. గాని ఇది ఆ బండి కాదు. ఆ బండికి ఈ డోరు దిగి ఉండె."

మా ఆయన తటాలున వంగి డోరు వంక చూశాడు, ఆ తర్వాత నా వంక. నేను మంచం దగ్గరికి జరిగాను.

"మామా, దిగే ఉండె. నిన్న నేనే తీగ వంచి సరిచేసిన. ఆయన ముట్టొద్దనే అన్నడు."

"ముట్టొద్దన్నడా? ఎందుకురా, డోరు దించి పెట్టుడెందుకు?"

మా ఆయన ఆ డోరుతో చెప్పించాలనుకున్న మాటను నేను పిన్నుతో తుడిచేశానని అప్పటికి నాకింకా తెలియదు.

"అప్పుడు దించింది గూడ నేనే గద ఉస్తాద్," అన్నాడు.

ఒక్కో ముక్కా బయటికొచ్చింది. ఉస్తాదు కాంట్రాక్టరు కారుకు ఆ డోరు బిగించి టీ తాగడానికి వెళ్లిన పూట, ఈయన బండిని కాస్త వెనక్కి జరుపుదామని నెట్టాడు. డోరు తెరిచి ఉంది. షెడ్డు గేటు గుంజకు తగిలింది. మూసేసి ఊరుకున్నాడు. ఉస్తాదు వచ్చి చూస్తే తాను బిగించిన డోరు దిగిపోయి ఉంది. నాలుగుసార్లు విప్పి నాలుగుసార్లు బిగించారు. కుదరలేదు. కాంట్రాక్టరు వచ్చి నలుగురిలో, "ఏం ఉస్తాదూ, చెయ్యి తప్పుతున్నదా?" అన్నాడు. ఆ రోజు తర్వాత ఉస్తాదు ఏ బండి డోరూ ముట్టలేదు. ఇంజను పని మాత్రమే చేసి, డోర్ల పనికి బండ్లను వేరే షెడ్డుకు పంపేవారు. కొద్ది నెలలకు ఈయన ప్లాంటులో చేరిపోయాడు. ముప్పై ఏళ్లు, ప్రతి దసరాకూ వచ్చి కాళ్లు మొక్కి, ఈ ఒక్క మాట చెప్పకుండానే తిరిగి వెళ్లాడు.

"తిట్టుండ్రి ఉస్తాద్," అన్నాడు.

ఉస్తాదు తిట్టలేదు. తల ఒక పక్కకు వంచి, ఏదో చప్పుడు వింటున్నట్టు కూర్చున్నారు.

"ఎంత జోరుగ తగిలింది?"

"మనిషి నడిచినంత జోరు."

"డోరు ముందటికి మల్లిందా?"

"మల్లింది. నెట్టి మూసిన."

"అంటే బందులు కాదు!" ఉస్తాదు తొడ చరుచుకున్నారు. "పిల్లరురా! బందులు బిగించే ఆ బాడీ గుంజే తిరిగింది! నాలుగుమాట్ల విప్పి బందులే చూసిన గాని, పిల్లరు మీద వేలు పెట్టకపోతి. నా బిగింపే తప్పయిందనుకొని..."

ఆగి, రెండు చేతులూ ముందుకు చాపి తిప్పుకున్నారు, కనబడుతున్నట్టే. "అయితే చెయ్యి మంచిగనే ఉండె," అన్నారు మెల్లగా. మాకు చెప్పినట్టు లేదు, ఆ చేతులకే చెప్పినట్టుంది. మొద్దుబారిపోతున్న వేళ్లకు అంత వయసులో అందిన ఆ మాటను నేను మర్చిపోలేను.

మా ఆయన కళ్లు తుడుచుకుంటుంటే ఉస్తాదుకు చప్పుడుకే తెలిసిపోయింది.

"ఏడుపు తర్వాత. ముందుగాల డోరు దించు. తీగ వంచుడు కాదు. ఈసారి పిల్లరు తిప్పి దించు. జల్దీ, నా వేళ్లున్నప్పుడే."

నేను తల పిన్నుతో తీగను మళ్లీ మునుపటిలా చేశాను. కూతురు పొయ్యి మీద చెంచా కాడ కాల్చి తెచ్చింది. మా ఆయన దాన్ని పిల్లరు లోపలివైపు ఆనించి, ప్లాస్టిక్ మెత్తబడగానే తీసేశాడు. ఉస్తాదు తన బొటనవేలు మా ఆయన బొటనవేలి మీద పెట్టి వత్తారు. "ఇంకొంచెం... లోపలికి... ఆఁ, చాలు." చల్లారేదాకా ఇద్దరూ అలాగే పట్టుకున్నారు. అంత శ్రద్ధగా ఒక వస్తువును పాడుచేసే మనుషులను నేను ఇంకెక్కడా చూడలేదు.

ఉస్తాదు డోరు మూసి, దిగిన అంచు మీద గోరు పోనిచ్చారు.

"అవ్. ఇదీ బండి."

కారును పక్కన భద్రంగా పెట్టించి, కూతురిని లోపలికి పొమ్మని, ముఖాన్ని మా ఆయన గొంతు వచ్చే వైపు తిప్పారు. "ఇప్పుడు దగ్గరికి రారా."

ముప్పై ఏళ్ల నాటి షెడ్డు తిట్లు ఒక్కటొక్కటిగా లేచి వచ్చాయి. మా ఆయన తల వంచుకొని, ఒక్కదానికీ అడ్డు చెప్పకుండా, తడి కళ్లతో నవ్వుతూ అన్నీ విన్నాడు. ఆ తిట్లు ఇక్కడ రాయలేను. అక్షరాలు రాక కాదు.