గుంత మగ్గం ఉన్న ఇల్లు

అద్దెల మీద బతకాలని మొదలుపెట్టేవాళ్లు మనిషి ఉన్న ఇల్లే కొనాలని ఆదోనిలో మా కుట్టుషాపు పక్క వడ్డీ వ్యాపారి చెప్పాడు. ఖాళీ ఇల్లు కొంటే మనిషి కోసం వెతుక్కోవాలి. మనిషి ఉంటే మొదటి నెల నుంచే అద్దె. ఆ మాట విని ఎమ్మిగనూరులో ఒక పాత మిద్దె కొన్నాను. నా పేరు మీద, నా కుట్టుకూలితో.

ముందుగదిలో గుంత మగ్గం ఉంది. నేలలో గుంత తవ్వి, అందులో కాళ్లు దించుకుని కూర్చుని నేసేది. నేతాయన, ఆయన భార్య ఎన్నో ఏళ్లుగా ఆ ఇంట్లోనే ఉన్నారు.

రిజిస్ట్రేషన్ అయ్యాక చూడటానికి వెళ్లాను. మా తమ్ముడు బైకు మీద తీసుకెళ్లాడు. వాడి పని అంతే. వాడిని చూసి నేతాయన మొహం ఇంత చేసుకున్నాడు.

“రాప్పా, కూసో. ఇల్లు కొంటివంట గదా. వాన పడితే ఆ మూల కారుతాది, సూడు.”

“కొనింది మాయక్కన్నా.”

“ఎవురైతేనేంలేప్పా. ఆడోళ్ల పేరు మీద రాపిస్తే లచ్చిమి నిలుస్తాది. తెలివైనోనివే!”

తమ్ముడు నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది. టీ రెండు గ్లాసుల్లో వచ్చింది. ఒకటి వాడికి, ఒకటి నేతాయనకు. గడప దగ్గర నిలబడ్డ నన్ను ఆయన భార్య వంటింట్లోకి పిలిచింది, గిన్నెలు తోమడానికి వచ్చినదాన్ని పిలిచినట్టు.

నా నంబరు గోడ మీద బొగ్గుతో రాసి వచ్చాను. అయినా నేతాయన ఆ నెల అద్దె తమ్ముడి ఫోనుకు పంపాడు. మరుసటి నెలా అంతే. అప్పుడు ఖాళీ చేయమని కబురు పెట్టాను.

“పాపమక్కా,” అని తమ్ముడు వెంటపడ్డాడు. “ఇప్పుడందరూ బండలు పరిపిచ్చుకున్నారు. గుంత తవ్వనిచ్చేదెవురు? ఆయప్ప యాడ పోతాడు?”

“ఆ పొద్దు టీ తాగేటప్పుడు మాయక్కకేదని అడగాల్సిండెరా,” అన్నాను.

గడువు రోజు ఇద్దరం వెళ్లాం. మగ్గం మీద పడుగు సగమే నేసి ఉంది. నేతాయన గుంతలోంచి లేచి వచ్చాడు.

“ఈ పడుగు అయిపోయేదాంకా ఆగితే సాలు. నడమల కోస్తే నూలిచ్చిన సావుకారి నష్టం నా మీద ఏస్తాడు. ఇంగెప్పుడూ పని ఇయ్యడు.”

సరే అనేదాన్నే. మాట నోటి దాకా వచ్చింది. కానీ ఆయన అదంతా మా తమ్ముడి మొహం చూస్తూ చెప్పాడు. చివరికి, “నువ్వన్నా మీయక్కకి సెప్పప్పా,” అన్నాడు.

“కోసెయ్,” అన్నాను.

“అమ్మా...”

“ఇప్పుడు కనపడితినా? కోసెయ్.”

భార్య కత్తెర తెచ్చింది. ఆయన అందుకోలేదు. ఆమే కోసింది. బిగిసి ఉన్న దారాలు తెగి వెనక్కి ముడుచుకున్నాయి.

“నీవీ కుట్టే సేతులే గదమ్మా,” అంది.

అవును. కుట్టీ కుట్టీ ఆ ఇల్లు కొన్నాను. ఎవరూ ఊరికే ఇవ్వలేదు.

గుంత పూడ్పించి బండలు పరిపించాను. బ్యాంకు ఉద్యోగి ఒకాయన భార్యతో చేరాడు. అద్దె నా ఫోనుకే వస్తుంది. తమ్ముడు మా షాపుకు రావడం మానేశాడు. అదీ నేను మరిచిపోను. నేతాయన గోనెగండ్ల వైపు పత్తి ఏరే కూలికి పోతున్నాడట.

ఆ వీధి ఆడవాళ్లు నన్ను చూస్తే వాకిట్లో ఉమ్ముతారు. మగ్గం తీయించిన పాపిష్టిదాన్నట. ఖాళీ చేయమన్నాక నేతాయన ఆ వీధిలో ఇంటింటికీ తిరిగాడు, ఒక మూల గుంత తవ్వుకోనిమ్మని. బండలు పాడవుతాయని ఒక్కరూ ఒప్పుకోలేదు. వాళ్ల బండలు ఇప్పటికీ పదిలంగా ఉన్నాయి. పాపం మాత్రం నా ఒక్కదానిదట.