కోలా గింజ తెలుగు విన్న రోజు

వసంతకుమారిగారు వంట చేస్తూ కబుర్లు చెబుతుంటే, నేను ఉల్లిపాయలు తరుగుతూ ప్రశ్నలు వేస్తుంటాను. నరసాపురం నుంచి నైజీరియా వెళ్ళి, ఆరేళ్ళు అక్కడ లెక్కలు చెప్పి, పెళ్ళయ్యాక మిచిగన్‌లోని మా నోవైకి వచ్చిన మనిషి ఆవిడ. ఆ ఆరేళ్ళ గురించి ఎంత విన్నా నాకు తనివి తీరదు.

"ఆరో తరగతిలో పద్దెనిమిదేళ్ళ ఆడపిల్లలు! బెంచీ కింద మోకాళ్ళు పట్టేవి కావు. యుద్ధం వాళ్ళ చదువు మింగేసింది."

ఆ యుద్ధమేమిటో ఆవిడ చెబితేనే నాకు తెలిసింది. అరవై ఆరులో, హౌసా వాళ్ళు ఎక్కువగా ఉండే ఉత్తరాది ఊళ్ళలో మూకలు ఇగ్బోలను వేలల్లో చంపాయి. బతికినవాళ్ళు తూర్పున సొంతగడ్డకు పారిపోయారు. మరుసటి ఏడు ఆ తూర్పు ప్రాంతం వేరే దేశమని ప్రకటించుకుంది. దాంతో మొదలైన యుద్ధంలో తుపాకులకన్నా ఆకలికే ఎక్కువమంది పోయారు. డెబ్భైలో అది ముగిశాక, గెలిచినవారూ లేరు ఓడినవారూ లేరు అంది ప్రభుత్వం.

"మరి మనుషులు ఏమన్నారు?" అని అడిగాను.

"అది ఇఫెయోమాని అడగాలి."

ఇఫెయోమా ఆ పొడుగు మోకాళ్ళ పిల్లల్లో ఒకతె, ఇగ్బో పిల్ల. పదేళ్ళప్పుడు తల్లితో కలిసి ఉత్తరాదిలోని కానో ఊళ్ళో రైలెక్కింది. ఇంటికి తాళం వేసి వస్తానన్న తండ్రి రానే లేదు. పెద్దయ్యాక డెట్రాయిట్‌లో నర్సుగా చేరింది. ప్రతి ఆదివారం వసంతకుమారిగారింటికి వచ్చేది.

ఆ రోజుల్లో ఇక్కడ మనవాళ్ళకో అలవాటుండేది. టెలిఫోన్ డైరెక్టరీలో తెలుగుపేరు కనిపిస్తే చాలు, ముక్కూ మొహం తెలియకపోయినా ఫోన్ చేసి భోజనానికి పిలిచేవాళ్ళు. ఎనభై నాలుగు క్రిస్మస్‌కి వసంతకుమారిగారి భర్త అబ్రహాంగారు అదే పని చేశారు, కాకపోతే తెలుగువాణ్ణి కాదు. ఆన్ ఆర్బర్‌లో చదువుకుంటున్న సానీ అనే నైజీరియా కుర్రాణ్ణి పిలిచారు.

"ఏవండీ, అతనిది ఏ ఊరు?"

"కానో అన్నాడు. ఇద్దరిదీ ఒకే కంట్రీ కదా, పిల్లకి సర్‌ప్రైజ్ అని కాల్ చేశాను."

"మీ సర్‌ప్రైజ్ మండిపోనూ! పిల్ల లేచి వెళ్ళిపోతే మళ్ళీ మన గడప తొక్కదు."

అప్పటికే ఇద్దరూ బల్లకి చెరోవైపు కూర్చున్నారు. సానీ తన హౌసా పేరు, ఊరు చెప్పాడు. ఇఫెయోమా చెంచా కింద పెట్టేసింది.

"మా నాన్న కానోలోనే ఉండిపోయారు," అంది ఇంగ్లీషులో.

సానీ మెల్లగా అన్నాడు: "మా పక్కిల్లు ఒక ఇగ్బో ఆయనది. మా నాన్న దాన్ని కనిపెట్టుకుని ఉన్నాడు. యుద్ధమయ్యాక అలాంటివాళ్ళు కొందరు తిరిగొచ్చి తమ ఇళ్ళు తీసుకున్నారు. ఆయన రాలేదు. ఏటా వానలకి ముందు మేమే పైకప్పు బాగుచేస్తాం."

"గుమ్మం పక్కన నీళ్ళకుండ ఉందా?"

"అక్కయ్యా, మా ఊళ్ళో ప్రతి గుమ్మం పక్కనా ఉంటుంది."

అవునని అబద్ధమాడనందుకే పిల్ల మళ్ళీ చెంచా తీసిందని వసంతకుమారిగారి నమ్మకం.

భోజనాలయ్యాక ఇఫెయోమా తాను తెచ్చిన కోలా గింజల పళ్ళెం బయటికి తీసింది. మన తాంబూలంలాంటి మర్యాద అది. ఆడవాళ్ళు పగలగొట్టరు, మగవాడు ప్రార్థించి పంచాలి. పళ్ళెం సానీ వైపు కదిలింది, ఆగింది, అబ్రహాంగారి ముందుకొచ్చింది.

"నాకు మీ భాష రాదే!"

"ఇగ్బో తప్ప కోలాకి ఇంకో భాష వినపడదంటారు మావాళ్ళు. ఈ పూటకి తెలుగు వింటుందిలెండి."

ఆయన తెలుగులోనే ప్రార్థించి, వంటింటి కత్తితో తంటాలుపడి విడగొట్టారు. ముక్కల పళ్ళాన్ని ఇఫెయోమాయే సానీకి అందించింది. తర్వాత పగలని గింజ ఒకటి అతని చేతిలో పెట్టింది.

"ఇల్లు చేరిన కోలా తానెక్కణ్ణుంచి వచ్చిందో చెబుతుందట. ఆ పక్కింట్లో పెట్టు."

"ఇంతకీ పెట్టాడా?" అన్నాను.

"అతను ఊరికి వెళ్ళింది రెండేళ్ళ తర్వాత. నాకేం తెలుసు?"

"మరి పై ఆదివారం ఇఫెయోమా వచ్చిందా?"

వసంతకుమారిగారు నవ్వారు. "పొద్దున్నే వచ్చింది. కోటు మీద మంచు కూడా దులుపుకోకుండా, 'మేడం, ఆ కానో అబ్బాయిని మళ్ళీ పిలిచారా?' అంది. ఊఁ, ఉల్లిపాయలు కానివ్వు."