ఆ రోజు డాక్‌లో ఉన్న ఓడ

గురువారం మధ్యాహ్నం ఓడ రేకుల్ని కలిపి బిగించే రివెట్టుకు తెలుగులో మంచి మాట ఉందేమోనని నిఘంటువు తిరగేస్తున్నాను. అమ్మ గదిలోకి వచ్చి, "కింది ఫ్లాటు మామయ్యగారు పోయారే" అంది. ఆ మాట వెతకమన్నది ఆయనే. దొరికినా ఇక ఎవరికి చెప్పాలో తెలియలేదు.

ఈ గల్ఫ్ ఊళ్ళో, అల్ వక్రాలో, ఉండే తెలుగువాళ్ళలో చాలామంది ఆయనను చూసే ఉంటారు. శుక్రవారం పొద్దున చేపల రేవులో చెక్క పడవల అడుగు భాగాలను వంగి వంగి చూసే పొడుగాటి మనిషి. భీమిలి దగ్గరి పల్లెలో పుట్టారు. ఇక్కడ ఓడల మరమ్మతు చేసే కంపెనీలో ఇంజనీరుగా పనిచేశారు. మాకు బంధువు కాదు. కానీ నాన్న ఉద్యోగానికి వచ్చిన కొత్తలో వాళ్ళింట్లోనే అన్నం తిన్నారు. అలా ఆయన నాకు మామయ్య, ఆయన భార్య అత్తయ్య అయ్యారు.

చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. మామయ్యగారు వందేళ్ళ కిందటి ఒక బ్రిటిష్ డిస్ట్రాయరు చరిత్ర రాస్తున్నారు. డిస్ట్రాయరంటే పెద్ద ఓడలకు కాపలాగా తిరిగే, వేగంగా నడిచే చిన్న యుద్ధనౌక. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన తాత ఒక సరుకుల ఓడలో బొగ్గు వేసే కళాసి. ఆ ఓడను శత్రువులు ముంచేశారు. నీళ్ళలో కొట్టుకుంటున్న తాతను ఒక డిస్ట్రాయరు పైకి లాగింది. దాని పేరు తాతకు తెలియదు. ఊరికి తిరిగొచ్చాక గోడ మీద బొగ్గుతో దాని బొమ్మ గీసేవాడట. మూడు పొగగొట్టాలు, ముందు భాగం మీద తనకు చదవడం రాని ఒక అక్షరం, రెండు అంకెలు. "దాని పేరు కనుక్కోరా" అని మనవడికి చెప్పి పోయాడు.

మామయ్యగారు ఆ అక్షరాన్నీ అంకెల్నీ ఒక పాత ఫొటోలో పట్టుకున్నారు. ఓడ పేరు తెలిసింది. అప్పటినుంచి దాని చరిత్రంతా, కట్టిన రోజు నుంచి తుక్కుకు అమ్మిన రోజు దాకా, పోగుచేయడం మొదలుపెట్టారు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులోకి తేవడానికి నన్ను పిలిచారు. ఊళ్ళో తనవాళ్ళు చదవాలని ఆయన కోరిక. నాకేమో కొత్త మాటలంటే ఆకలి.

మొదటి రోజే "విధ్వంసక నౌక సముద్రాన్ని చీల్చుకుంటూ దూసుకుపోయింది" అని రాసి గర్వంగా చూపించాను.

"ఏటే గుంటా, సరుకుల ఓడల ఎనకాల మెల్లగా పోయేది దూసుకుపోద్దా? నడిచిందని రాయి. ఇధ్వంసక నౌకా? మునిగిపోయినోళ్ళని ఏరుకున్న ఓడని పట్టుకుని అంత మాటంటావా?"

వంటింట్లోంచి అత్తయ్యగారు కేకేసేవారు. "ఇవాళ నా సవతి ఏ రేవులో ఉందండీ? అన్నానికి వస్తుందా?"

"దానికి బొగ్గు పెడితే సాలు. నీకులాగ మాటలు పెట్టక్కర్లేదు."

ఆ ఓడ బతుకు నేననుకున్నట్టు లేదు. పొగమంచులో కాపలా, తుఫానులో కాపలా. రోజుల తరబడి ఒకటే మాట: ఏమీ కనబడలేదు. నాకు విసుగొచ్చేది. "ఓడకి యుద్ధం ఒక పూటే. మిగతాదంతా కాపలాయే. మన బతుకులూ అంతే గదా" అనేవారు మామయ్యగారు. ఆ మాటలో బాధ ఉందని అప్పుడు నాకు అందలేదు.

పోయిన వేసవిలో ఆ ఓడ మరమ్మతుల వివరాలు ఆయనకు కంప్యూటరులో దొరికాయి. నేను వెళ్ళేసరికి తెర ముందు కదలకుండా కూర్చున్నారు. తాత ఎక్కిన సరుకుల ఓడ మునిగిన రోజున, ఈ డిస్ట్రాయరు ఇంగ్లండులో ఒక డాక్‌లో ఉంది. పొగమంచులో ఇంకో ఓడను గుద్దుకుని, ముందు భాగం రేకులు విప్పేసి, నీళ్ళు తోడేసిన గోతిలో దిమ్మెల మీద నిలబెట్టి ఉంది.

"తేదీ తప్పేమో, మామయ్యగారూ" అన్నాను.

"డాక్‌లో ఉన్న ఓడ సముద్రంలో ఎలగుంటాదే గుంటా? నా ఉద్యోగమే అది." లేదు అనడానికి ఇక్కడ వాడే అరబ్బీ మాట అంటూ చెయ్యి తిప్పారు. "మాఫీ. తాతని తీసిన ఓడ మాఫీ."

యుద్ధంలో శత్రువును తికమక పెట్టడానికి ఆ అంకెల్ని ఒక ఓడ నుంచి ఇంకో ఓడకు మార్చేవారట. అలాంటి మూడు పొగగొట్టాల ఓడలు ఎన్నో ఉండేవి. ఆ రోజు అటుగా వెళ్ళినది ఏదో ఎక్కడా తేలలేదు. ఆయన వెతకగలిగినంతా వెతికారు. ఆ తర్వాత కడుపులో నొప్పి మొదలైంది. అది మామూలు నొప్పి కాదని డాక్టర్లు చెప్పారు.

ఒకరోజు అడిగాను, "ఇక ఈ ఓడ గురించి రాయడం మానేద్దామా?"

"అదేటి పాపం చేసింది? మనమే తప్పు పేరు పెట్టి పిలిచినాం. యల్లా, పద, రాయి."

రాశాం. యుద్ధం చివరి చలికాలం దాకా వచ్చి ఆగిపోయింది. తుక్కుకు అమ్మిన సంగతి ఇంకా రాయాలి. ఎవరు చదువుతారని అమ్మ అడిగింది. ఆయనను పెట్టెలో విశాఖకు పంపించారు. అత్తయ్యగారు ఫ్లాటు ఖాళీ చేస్తున్నారు. ఆయన నాకు ఇచ్చినది, ఒక మాట రాసేముందు అది నిజంగా అక్కడ ఉందా అని ఆగి చూసుకోవడం. అందుకు ఆయనకు నేను కృతజ్ఞురాలిని. కానీ ఆ ఆగడం వల్లే ఆయన తన జీవితంలో కోరిన ఒక్కదాన్నీ, తాతను తీసిన ఓడ పేరును, పోగొట్టుకున్నారన్నది కూడా నాకు తెలుసు.

ఏటా మహాలయ అమావాస్య పొద్దున ఆయన వక్రా సముద్రంలో మోకాలి లోతుకు దిగి పితృదేవతలకు నువ్వులూ నీళ్ళూ వదిలేవారు. తండ్రికి, తాతకు, ఆ తర్వాత పేరు పెట్టి ఆ ఓడకు. పోయిన అమావాస్యకు ఒంట్లో బాగోలేకపోయినా వెళ్ళారు. నేనూ అత్తయ్యగారూ ఒడ్డున నిలబడ్డాం. తండ్రి పేరు వినిపించింది. తాత పేరు వినిపించింది. మూడోసారి దోసిలి నింపుకుని పైకెత్తారు. పెదవులు కదిలాయి, పేరు రాలేదు. ఆయన అలాగే నిలబడి ఉండగానే నీళ్ళన్నీ వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి. అరచేతులకు నాలుగు నల్ల నువ్వులు అంటుకుని ఉన్నాయి.