కండె లేని నాడె

మంగళగిరిలో మగ్గం ఉన్న ఇంట పుట్టినవాణ్ణి. బడికి వెళ్ళలేదు. నూటఇరవై పోగులు ఒక పుంజం. చీర పడుగుకు ఎన్ని పుంజాలు పట్టేదీ చూసుకుంటూనే నాకు లెక్కలు వచ్చాయి. అక్షరాలు ఆ వెనక ఎలాగో పట్టుబడ్డాయి. మా పిల్లకు ఆ తిప్పలు ఉండకూడదనుకున్నాను. యుద్ధం రోజులు, నూలు కరువు. అయినా దాన్ని శిశు తరగతిలో కూర్చోబెట్టాను. మా అమ్మ ఒక్క ఏడాదికే ఒప్పుకుంది. ఏడాది తిరిగేసరికి ఒకటో తరగతిలో వెయ్యకపోతే పిల్ల ఇంట్లో నూలు కండెలు చుట్టాలి.

పరీక్ష చెయ్యడానికి బెజవాడ నుంచి ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. గోడకు బొమ్మల పటం వేలాడదీయించారు. పది బొమ్మల్లో ఆరింటికి పేరు చెబితే పైతరగతి. నేను గుమ్మం బయట నిలబడి వేళ్ళ మీద లెక్కపెట్టాను. తొమ్మిదింటిలో అయిదు చెప్పింది, నాలుగు పోయాయి. ఒంటె, ద్రాక్షపండ్లు, గోడ గడియారం, దొర టోపీ. మా వీధిలో ఎవరింట ఉన్నాయి గనక? చివరిది పడవ.

"నాడె," అంది పిల్ల. పటం దగ్గరికి వంగి చూసి, "ఇందులో కండె లేదండీ," అంది.

నేసేటప్పుడు పడుగులో అటూ ఇటూ తోసే నాడె కూడా రెండు కొసలా మొనతేలి పడవలాగే ఉంటుంది. నడుమ తొలిచిన చోట కండె పెడతాం.

"ఏమంటోందయ్యా ఈ పిల్ల?" అని ఇన్‌స్పెక్టరుగారు నవ్వుతూ పంతులుగారి వైపు తిరిగారు. నేను చెప్పబోతే పంతులుగారు చేత్తో వారించారు. ఆయనదీ మా ఊరే, కట్టుకున్న పంచె మా వీధిలో నేసిందే. నాడె అంటే ఏమిటో తెలియనివాడు కాదు. తెలిసే, "ఇంకా మాటలు రాలేదండీ దీనికి," అన్నారు. ఇన్‌స్పెక్టరుగారు తలూపి పక్క పిల్లను పిలిచారు.

వేసవి సెలవుల తరువాత పిల్లలు చాలక కాబోలు, పంతులుగారు మా ఇంటికే వచ్చి పిల్లను మళ్ళీ శిశు తరగతికి పంపమని అడిగారు.

"మాటలు రాని పిల్లకు బడెందుకులెండి పంతులుగారూ," అంది మా అమ్మ. "కండెలకు మాటలక్కర్లేదు."

మా అమ్మ దెప్పింది పంతులుగారిని. రాట్నం దగ్గర కూర్చున్న పిల్ల మాత్రం ఆ మాట నిజమే అనుకుంది. కండెలు చుడుతూ పొద్దస్తమానం వాగుతూనే ఉండేది. ఎప్పుడైనా నేను బడి పేరెత్తితే తల వంచుకుని, "నాకు మాటలు రావుగా నాన్నా," అనేది.