సంచి మనిషి మాట

న్యాగుథీ అవ్వకు చూపు పోయాకే చరిత్ర పిచ్చి పట్టుకుంది. చూపున్నన్నాళ్ళూ కాఫీ పళ్ళు కోయడం, కట్టెలు మోయడం, వీటికే సరిపోయింది. ఇప్పుడు ప్రతి బుధవారం కర్ర తాటించుకుంటూ చర్చి వెనక గదికి వెళ్తుంది. అక్కడ చూపులేని ముసలివాళ్ళందరినీ కూర్చోబెట్టి టేపులు వినిపిస్తారు. ముందు పాత చరిత్ర పుస్తకాలు, ఎప్పుడో దొరలు రాసినవి, ఎవరో మన గికూయూ భాషలోకి తిప్పి చదివినవి. వాటిలో దొరలు పాపం ఎప్పుడూ అలసిపోయి ఉంటారు, మనవాళ్ళు ఎప్పుడూ విశ్వాసం లేనివాళ్ళే. ఆ తర్వాత, ఆ రోజులు కళ్ళారా చూసినవాళ్ళు చెప్పుకున్న సంగతులు. అవ్వ పుస్తకాలకు గురకపెట్టేది, ఈ సంగతులకు ఊపిరి బిగబట్టేది.

ఆమెకు తెలియవలసింది ఒక్కటే. యాభై ఏళ్ళ కిందట, మనవాళ్ళు దొరల మీద తిరగబడ్డారని ఊరి చుట్టూ ముళ్ళకంచె వేసిన కాలంలో ఒక దొర మగవాళ్ళందరినీ వరసగా నేలమీద కూర్చోబెట్టాడు. నెత్తి మీంచి నడుందాకా గోనెసంచి దిగేసుకున్న మనిషి ఒకడు ఆ వరస వెంట నడిచాడు. కళ్ళకు రెండు చిల్లులు తప్ప వాడి గుర్తులేవీ బయటికి లేవు. వాడు ఎవరిముందు తల ఊపితే వాళ్ళను లారీ ఎక్కించారు. ఆమె మొగుడు వహోమే ముందు కూడా ఊపాడు. లారీ వెళ్ళిపోయింది, వహోమే మళ్ళీ రాలేదు. ఆ సంచిలో ఉన్నదెవడో తెలుసుకోకుండా కన్నుమూయకూడదని ఆమె పంతం.

అప్పటికి పెళ్ళయి ఏడాది తిరగలేదు, పిల్లల్లేరు. వహోమే పేరు నిలబెట్టినవాడు పక్కింట్లో ఉండే మురియుకి అనే స్నేహితుడు. మా వైపు తొలి కొడుక్కి తాత పేరే పెట్టాలి, అందులో ఎవరి ఇష్టాయిష్టాలూ ఉండవు. అతను మాత్రం తన తండ్రి పేరు కాదని, పోయిన స్నేహితుడి పేరు పెట్టాడు. ముసలాయన అలిగి చాలాకాలం కొడుకు ఇంట గంజి కూడా ముట్టలేదు. ఊరు మాత్రం స్నేహమంటే ఇదీ అని మెచ్చుకుంది.

పేరు ఎవరిదైతే మనిషీ వాడే అంటాం మేము. అందుకే ఉయ్యాల గుడ్డలో ఉన్నప్పటినుంచీ ఆ పసివాణ్ణి న్యాగుథీ ‘మా ఆయన’ అనేది. వాడు పెరిగి పిల్లల తండ్రయ్యాడు, రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టాడు. అయినా పొద్దున్నే పాలు తెచ్చేది వాడే.

“ఏమే పెళ్ళామా, పళ్ళన్నీ ఊడినా నీ టీలో చక్కెర తగ్గదేం?” అనేవాడు.

“సంపాదించే మొగుడుండగా నాకేం ఖర్మ?” అనేది అవ్వ.

ఆమెకు మిగిలిన సంసారం అంతే. ఆ బుధవారం దాకా అది చాలనే అనుకుంది.

ఆ రోజు కొత్త టేపు పెట్టారు. చెప్పిన మనిషి పేరు లేదు, ఊరి పేరు లేదు. గొంతు కూడా వాడిది కాదు, నగరంలో ఎవడో కుర్రాడు జీతానికి చదివినది. సంచి తొడుక్కున్నవాడి కథ అది. కొట్టి కొట్టి ఒప్పించారట. తను తల ఊపి పట్టించినవాళ్ళలో ఒకడు తన ప్రాణస్నేహితుడట. ‘వాడికి బిడ్డలు లేరు. పేరైనా మట్టిలో కలవకూడదని నా తొలి కొడుక్కి మా నాన్న పేరు కాదని వాడి పేరు పెట్టాను. ఆ పేరు పిలిచినప్పుడల్లా నాకు ముద్ద దిగేది కాదు’ అని చదివాడు కుర్రాడు.

పేర్లన్నీ జాగ్రత్తగా చెరిపిన చదువుకున్నవాళ్ళకు తొలి కొడుకు అన్న మాట చెరపాలని తోచలేదు. నగరంలో పిల్లలకు టీవీలో విన్న పేర్లు పెడతారు కదా మరి.

పక్కనే కూర్చున్న వాంగెచి అనే ముసలామె న్యాగుథీ చేతిని గట్టిగా పట్టుకుంది. “విన్నావు, ఇక్కడే వదిలెయ్యి. చేసినోడు మట్టిలో ఉన్నాడు, కొడుకు నీకు పాలు పోస్తున్నాడు,” అని చెవిలో అంది.

న్యాగుథీకి ఒళ్ళంతా మండింది. కానీ తిట్టడానికి మురియుకి అన్నవాడు లేడు. కిందటేడే పోయాడు, అందరికంటే ఎక్కువ ఏడ్చింది తనే. ఆ ఏడుపు వెనక్కి తీసుకోవాలనిపించింది. ఇంటికి చేరేసరికి కోపం పోయి భయం మిగిలింది. ఆ కొడుక్కి తెలిస్తే?

మర్నాడు చిన్న వహోమే పాలగిన్నె దించుతూనే టేపు సంగతి అడిగాడు. మన వైపు సంగతులున్న టేపు వస్తోందని పోయిన వారం మురిసిపోతూ చెప్పింది తనే. మిషను టేపు నమిలేసిందని ఇప్పుడు అబద్ధమాడింది.

“దానికేం? పెన్సిలు పెట్టి చుట్టేస్తే సరి. నా చావు కబురు నేను వినొద్దా?” అని నవ్వాడు వాడు.

కాలు నొప్పంది, ఇవాళ బుధవారం కాదంది. ఏది అన్నా వాడు వినలేదు, ఆమె చెయ్యి పట్టుకుని మరీ చర్చి వెనక గదికి తీసుకెళ్ళాడు. టేపు శుభ్రంగా తిరిగింది. తొలి కొడుకు మాట దగ్గర అవ్వ దగ్గింది, కుర్చీ జరిపింది, కర్ర కింద పడేసింది. వాడు వంగి కర్ర తీసి ఆమె చేతికిచ్చాడు. ఆ భాగం వెనక్కి తిప్పి ఇంకోసారి విన్నాడు.

ఆమెను వెనక్కి నడిపించుకొచ్చాడు. గుంట వచ్చినచోట ఆగి, ఆమె కాలు కుదురుకున్నాకే కదిలాడు. ఇంటి ముందు చెయ్యి వదిలాడు.

“అవ్వా, పాలు రేపట్నుంచి మా ఆవిడ తెస్తుంది.”

పుట్టి బుద్ధెరిగాక వాడు ఆమెను అవ్వా అనడం అదే మొదలు. ఆమె గుమ్మం పట్టుకుంది.

“మీ ఆవిడెందుకు? నా మొగుడేమయ్యాడు?” అంది, ఎప్పటిలా గొంతు పెంచబోయి.

“మా నాన్న పట్టించాడు కదా,” అన్నాడు వాడు, గేటు వేసి వెళ్ళిపోయాడు.