పానం మంచిగుండాలంటే

నాకు భయం ఎక్కువ. ఇది దాచుకునే విషయమేమీ కాదు, మా ఇంటికి వచ్చేపోయే వాళ్లందరికీ తెలిసిందే. ఎవరైనా స్నానానికి వెళ్లి కాస్త ఆలస్యం చేస్తే తలుపు కొడతాను. ఫోన్ ఎత్తకపోతే నా మనసు ఎక్కడెక్కడికో వెళ్లిపోతుంది. "నీ భయానికి జీతమిస్తే గిప్పటికి పెద్ద ఆఫీసరైతుంటివి" అని మా ఆయన ఆటపట్టించేవారు.

ఆ భయంతోనే ఇన్నేళ్లూ ఇల్లు నడిపాను. ఉప్పు డబ్బా నా చేతుల్లోంచి పోనివ్వను. ఊరగాయ జాడీ ఆదివారం తప్ప అటక దిగదు. రాత్రి భోజనం టీవీలో వార్తలు మొదలయ్యేలోపే అయిపోవాలి, తిన్నాక సందు చివరిదాకా వెళ్లి రావాలి. పొద్దున కాఫీ కంటే ముందు మంచినీళ్లు. నేల మీద కూర్చుని చెయ్యి ఆనించకుండా లేవాలి. పడుకునేటప్పుడు ఫోన్లు హాల్లోనే ఉండాలి. ఆయన విసుక్కుంటూనే అన్నీ చేసేవారు. సిగరెట్టు ముట్టరు, నూనె సరుకు చూసి నోరు ఊరినా నన్ను చూసి ఊరుకుంటారు. ఇవన్నీ చేసే మనిషికి ఏమవుతుందిలే అని నాకు నేనే ధైర్యం చెప్పుకునేదాన్ని. ఆ ధైర్యం ఒక ఆదివారంతో పోయింది.

దాని గురించి చెప్పాలంటే ముందు ఒక మాట గురించి చెప్పాలి. మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. ఉమ్మడి రాష్ట్రం ఏర్పడిన కొత్తలో తాతగారు ఉద్యోగం మీద వచ్చి హిమాయత్‌నగర్‌లో స్థిరపడ్డారు. మా ఆయన వాళ్లది తరతరాలుగా నాంపల్లే. పెళ్లయి స్టేషన్ వెనక సందులోని ఆ ఇంటికి వచ్చిన మొదటి వారంలో మా అత్తగారు వంటింట్లోకి వచ్చి, "వానికి పానం బాగలేదు బిడ్డా, జర చూడు" అన్నారు. నా చేతిలో గ్లాసు జారి కింద పడింది. మా ఇంట్లో ప్రాణం అన్న మాట అది పోతున్నప్పుడో, పోయాకో తప్ప ఎవరూ ఎత్తరు. గదిలోకి పరిగెత్తి చూస్తే ఆయన ముక్కు చీదుకుంటూ పేపరు చదువుతున్నారు. జలుబు!

వాళ్లకు జలుబు చేసినా పానమే, జ్వరమొచ్చినా పానమే. ఎదురైన వాళ్లను "పానం మంచిగున్నదా" అని అడుగుతారు, మేం "కులాసాయేనా" అని అడిగినట్టు. ఆ మాటకు నేను అలవాటు పడటానికి చాలా కాలం పట్టింది. నిజం చెప్పాలంటే పూర్తిగా ఎప్పుడూ అలవాటు పడలేదు.

అంత తేలిగ్గా ఆ మాట వాడే మా ఆయన తన విషయానికి వచ్చేసరికి మాత్రం ఎప్పుడూ వాడరు. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా "ఏం గాదు" అనే అంటారు. దానికి కారణముంది. మా మామగారు ఛాతీలో నొప్పి వస్తే ఆటో దిగి తన కాళ్ల మీద తానే దవాఖాన మెట్లు ఎక్కారట. మళ్లీ నడిచి రాలేదు. అప్పుడు మా ఆయన ఇంకా కాలేజీలో ఉన్నారు. అప్పటినుంచీ దవాఖాన గడప తొక్కాలంటే ఆయనకు వణుకు. నా భయం నోట్లో ఉంటుంది, ఆయన భయం కడుపులో ఉంటుంది. అంతే తేడా.

పొద్దున్నే ఇద్దరం నడకకు వెళ్లడం చాలా ఏళ్ల అలవాటు. సందులోంచి బయటపడి, స్టేషన్ రోడ్డు మీదుగా ఆబిడ్స్, అక్కడ పెద్ద పోస్టాఫీసు ముందు నుంచి మొజంజాహీ మార్కెట్, తిరిగి నాంపల్లి. మాట్లాడుతూ నడవగలిగితే ఆ నడక సరైన వేగంలో ఉన్నట్టు అని ఎక్కడో విన్నాను. ఆయన విషయంలో ఆ బెంగే అక్కర్లేదు. నోరు మూతపడదు. ఆబిడ్స్‌లోనే ఒక ఆఫీసులో క్లర్కుగా చేసి రిటైరైన మనిషి, ప్రతి దుకాణం పుట్టుపూర్వోత్తరాలూ చెబుతారు. "గీడ రేడియోలు బాగుచేసేటాయన కూసుంటుండె." "గాడ బట్టల దుకాణముండె, మా నాయిన నాకు మొదటి ప్యాంటు ఆడనే కొనిచ్చిండు." ఒకే కథ వారానికొకసారి తిరిగొచ్చేది. నేను ఊఁ కొట్టడం కూడా మానేసి చాలా కాలమైంది.

ఆ ఏడు ఎండలు ముదిరే వేళకు ఆయన నడకలో చిన్న మార్పు వచ్చింది. కథ చెప్పాలంటే ఆగేవారు. మూసి ఉన్న దుకాణం ముందు నిలబడి, షట్టర్ వంకా పైన బోర్డు వంకా చూసి, నెమ్మదిగా కథ మొదలుపెట్టేవారు. కథ అయ్యాక నడక. నడిచేంతసేపూ మాట లేదు. మళ్లీ ఇంకో షట్టర్, ఇంకో కథ. "మూసిన షట్టర్లో ఏముందండీ అంత చూడ్డానికి?" అని ఒకసారి విసుక్కున్నాను. "నీకు గనపడదు తియ్" అని నవ్వారు. నేనూ నవ్వేశాను. వయసు పైబడుతున్న కొద్దీ పాత రోజుల మీద మమకారం ఎక్కువవుతుంది కదా అనుకున్నాను.

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు. ఆ ఆదివారం నడక మానేసి, నాష్తా చేసి, ఎండెక్కాక పుస్తకాలకు వెళ్లాం. ఆయన వంగి వంగి వెతికి, బేరమాడి ఒక పుస్తకం కొన్నారు. చూస్తే ఆరోగ్య సూత్రాల పుస్తకం. "నీకే కొన్న. ఇంకేమన్న కొత్త రూల్సు దొరుకుతయేమో సూడు" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, పుస్తకం ఉన్న సంచీని ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చుకున్నారు. కాసేపటికి ఎడమ భుజం రుద్దుకున్నారు. పెదాల మీద చెమట పూసింది.

"ఏమైందండీ?"

"ఏం గాదు. గ్యాస్."

గ్యాస్! ఈ ఊళ్లో, ఈ భాషలో, మెడకూ నడుముకూ మధ్య ఏ నొప్పి వచ్చినా పేరు అదే. పక్కనే సోడా బండి ఉంది. ఆయన నిమ్మ సోడా అడిగారు. బండి అతను సీసా కొడుతూ, "పొద్దుగాల పూరీ తిన్నరా సార్? గ్యాసే. గిది తాగున్రి, ఠక్కున దిగుతది" అన్నాడు. ఆయన గడగడా తాగి గట్టిగా త్రేన్చారు. మరోసారి బలవంతాన త్రేన్చి, "చూసినవా, దిగింది" అన్నారు నాతో.

నాకు నమ్మాలనే ఉంది. ఎంత ఉందో చెప్పలేను. ఆ త్రేన్పు విని ప్రాణం లేచొచ్చినట్టయింది కూడా. కానీ గ్లాసు అందుకుంటూ ఆయన చెయ్యి తగిలింది. తారు కరిగే ఎండలో ఆ చెయ్యి చల్లగా ఉంది. తడిగా, చల్లగా, ఎవరిదో చెయ్యిలా ఉంది.

అప్పుడు పుట్టిన భయం నేను అంతవరకూ ఎరిగిన భయం కాదు. రోజూ పడే భయాలకు నోరుంటుంది, అరుస్తాయి. ఇది నోరు కట్టేసింది. "దవాఖానకు పోదాం" అన్నాను.

"గ్యాస్‌కు దవాఖాన ఏంది? ఇంటికి పోయి జర పండుకుంట."

"ఒక్కసారి చూపించుకుని వెళ్దామండీ."

"నువ్వు ఆగు జర. నాకేం గాలే అంటున్న గద!" గొంతు పెరిగింది. పుస్తకాలు చూస్తున్నవాళ్లు తలెత్తారు. ఆయన ఇంటి వైపు తిరిగి నడవబోయారు. ఆ మొహంలో మొండితనం లేదు, భయమే ఉంది. కాలేజీ కుర్రాడిగా దవాఖాన మెట్ల కింద నిలబడ్డప్పటి భయం. దాంతో వాదించి ఎవరు గెలుస్తారు? బతిమాలితే పారిపోతారు. అరిస్తే ఇంకా గట్టిగా అరుస్తారు, ఆ అరుపుకే గుండె ఆగిపోతుందేమో. ఇంటికి నడిచి వెళ్తే దారిలో ఏమవుతుందో ఆలోచించడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

నేను ఉన్నచోటే, పుస్తకాల పక్కన కూలబడ్డాను. "నాకు కళ్లు తిరుగుతున్నాయండీ" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగారు. అంతే, మనిషి మారిపోయారు. "ఏమైందే? ఏమైంది?" అంటూ వచ్చి నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. "గుండెలో ఎలాగో ఉంది, దవాఖానకు తీసుకెళ్లండి" అన్నాను. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. లేచి రోడ్డు మధ్యకు వెళ్లి చేతులు అడ్డంపెట్టి ఆటో ఆపారు. నన్ను రెక్క పట్టి ఎక్కించారు. "జర జల్దీ పోనియ్ భాయ్, మా ఇంట్లామెకు పానం బాగలేదు" అన్నారు.

ఆటోలో నా చెయ్యి వదల్లేదు. ఆయన చెయ్యి ఇంకా చల్లబడుతోంది. నాకు ధైర్యం చెబుతూ మాట మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. "ఫికర్... చెయ్యకు. నేనున్న గద." నేను కళ్లు మూసుకుని, ఆ మాటల మధ్య ఖాళీలు వింటూ కూర్చున్నాను. ఒక్కో ఖాళీలో ఆ తర్వాతి మాట వస్తుందా రాదా అని ఎదురుచూశాను. అంత దగ్గర దారి అంత పొడుగ్గా ఎప్పుడూ లేదు.

దవాఖాన మెట్లు నన్ను పట్టుకునే ఎక్కారు. లోపల నర్సు నన్ను కూర్చోబెట్టి చేతికి బీపీ పట్టీ చుట్టింది. డాక్టరమ్మ రాగానే, "నాకేం లేదమ్మా. చూడాల్సింది ఈయన్ని" అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. కోపం కాదు. మోసపోయిన పిల్లాడి చూపు. కానీ అప్పటికే ఆయనలో లేచి వెళ్లిపోయే ఓపిక లేదు.

మంచం మీద పడుకోబెట్టి ఛాతీకి తీగలు అంటించి ఈసీజీ తీశారు. డాక్టరమ్మ ఆ కాగితం చూస్తూనే అడిగింది. "నడిచేటప్పుడు మధ్యలో ఆగుతుంటారా?"

ఆయన పైకప్పు వైపు చూశారు. "పొద్దుగాల... దుకాణాలు చూస్తుంట మేడం."

"పొద్దున్నే తెరిచి ఉంటాయా దుకాణాలు?"

నాకు అప్పుడు తెలిసింది. ఆ షట్టర్లన్నీ కళ్ల ముందు వరసగా దిగాయి. నొప్పి వచ్చిన ప్రతిచోటా ఆగి, అది తగ్గేదాకా నాకు కథలు చెప్పారు ఆ మనిషి. నేను భయపడతానని. ఎన్నాళ్లుగానో!

గుండెపోటు మొదలైందనీ, రక్తనాళం దాదాపు మూసుకుపోయిందనీ, వెంటనే స్టెంటు వెయ్యాలనీ చెప్పి లోపలికి తీసుకెళ్లారు. తలుపులు మూసుకున్నాయి. ఆయన చొక్కా, వాచీ, చెప్పులు ఒక కవర్లో వేసి నా చేతిలో పెట్టారు. మామగారివి కూడా ఇలాగే మా అత్తగారి చేతిలో పెట్టి ఉంటారు కదా అనిపించింది. ఆయన ఏ మెట్లయితే వద్దన్నారో ఆ మెట్లే అబద్ధం చెప్పి ఎక్కించాను. తిరిగి నడిచి రాకపోతే? ఆ చెప్పులు ఒళ్లో పెట్టుకుని, ఇవి మళ్లీ ఆ కాళ్లకే తొడగాలి దేవుడా అని అదే పనిగా అనుకున్నాను.

చేతులు ఊరుకోక సంచీలోని పుస్తకం తెరిచాను. ఉప్పు తగ్గించండి. రోజూ నడవండి. వేళకు తిని వేళకు పడుకోండి. అన్నీ మేం చేసేవే. ఒళ్లు మండి ఆ పుస్తకాన్ని విసిరికొట్టాలనిపించింది. ఒంట్లో బాగాలేకపోతే ఇంట్లో వాళ్లకు నిజం చెప్పండి అని మాత్రం ఏ పేజీలోనూ లేదు.

ఈలోగా నర్సు వచ్చి, "అమ్మా, మీ బీపీ కూడా చాలా ఎక్కువుంది. మందులు వాడుతున్నారా?" అని అడిగింది. ఇంటిల్లిపాదికీ ఉప్పూ నూనే కొలిచిన దాన్ని, నా బీపీ ఎప్పుడూ చూపించుకోలేదు. చూపించుకుంటే ఏం బయటపడుతుందోనని భయం. కడుపులో దాచుకోవడం ఆయనొక్కరికే చేతనవుననుకున్నాను.

ఇంటికి పంపిన రోజు ఆ చెప్పులు ఆ కాళ్లకే తొడిగాను. నెమ్మదిగా, నా భుజం పట్టుకుని, ఆయన ఆ మెట్లు దిగారు. "మంచి యాక్టింగ్ చేసినవ్" అన్నారు చివరి మెట్టు మీద. నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో ఒక అలవాటు కొత్తగా చేరింది. పొద్దున మాత్రలు పక్కపక్కన పెట్టుకుని ఒకరినొకరం అడుగుతాం, "పానం మంచిగున్నదా?" నేనూ అదే మాట వాడతాను. "ఏం గాదు" అనే జవాబు చెల్లదు. నిద్ర పట్టకపోతే పట్టలేదనే చెప్పాలి. భుజం లాగితే లాగుతోందనే చెప్పాలి. ఆయన ఇంకా మొహమాటపడుతూనే చెబుతారు. నేను బీపీ చూపించుకునే రోజు ఇంకా వణుకుతూనే వెళ్తాను. వెళ్తాను మాత్రం.

నడక మళ్లీ మొదలైంది. భయం తగ్గిందనుకుంటే పొరపాటు. ఆయన మాట ఒక్క క్షణం ఆగితే నా చెవులు నిక్కబొడుచుకుంటాయి. నిన్న పొద్దున ఆబిడ్స్ వైపు తిరిగాక, మాట్లాడుతున్న మనిషి ఒక మూసిన షట్టర్ ముందు ఠక్కున ఆగిపోయారు. మొహం చూశాను, చెమట లేదు. చెయ్యి పట్టుకున్నాను, వెచ్చగానే ఉంది.

"ఏమైంది?" అన్నాను.

"ఏమైతది? గీడ రేడియోలు బాగుచేసేటాయన కూసుంటుండె. ఆయన ముచ్చట నీకు చెప్పిన్నా?"

"లేదు, చెప్పలేదు" అన్నాను. "నడుస్తూ చెప్పండి."