సిరప్పు రాయని డాక్టరమ్మ

ఆ చిన్న ఆరోగ్య కేంద్రంలో నర్సును అందరూ సూదక్క అనేవారు. ఇరవయ్యారేళ్ళుగా పిల్లలకు సూదులు వేస్తున్న చెయ్యి ఆమెది. ఆమె నీడ కనబడితే చాలు, బల్ల మీది పిల్లలు ఏడుపు లంకించుకునేవారు. "మా ఆవిడకు అద్దంలో తన మొహం మీద కూడా అనుమానమే" అనేవాడు బస్సు నడిపే ఆమె భర్త.

అలాంటి మనిషి దగ్గరికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. జలుబుకు సిరప్పు రాయదు, యాంటీబయాటిక్ అసలే రాయదు. "వారంలో అదే తగ్గుతుందమ్మా. ఆయాసం వచ్చినా, పాలు తాగకపోయినా వెంటనే తీసుకురా" అని పంపేస్తుంది. తల్లులు వట్టి చేతులతో గొణుక్కుంటూ వెళ్ళేవాళ్ళు.

మరి సీసాలన్నీ ఏమవుతున్నట్టు? బయట అమ్ముకుంటోందా? సూదక్క మనసును పురుగు తొలిచింది. డాక్టరమ్మ భోజనానికి వెళ్ళగానే అలమరా తాళం తీసింది. ఒక్క సీసా తగ్గలేదు. అయినా అనుమానం తీరలేదు సరికదా, దారి మార్చుకుంది: 'అయితే ఈవిడకు వైద్యమే రాదన్నమాట.'

ఎలాగైనా పట్టివ్వాలని ఒక నోట్‌బుక్ పెట్టింది. మందు లేకుండా వెళ్ళిన ప్రతి బిడ్డ గురించీ ఇంటికెళ్ళేటప్పుడు ఆరా తీసి, ఎన్ని రోజులకు తగ్గిందో రాసుకుంది. రెండు నెలలైనా చేతికి ఏమీ చిక్కలేదు; పిల్లలందరికీ వారంలో తగ్గిపోయింది.

ఒకరోజు తాపీమేస్త్రీ భార్య తొమ్మిది నెలల కొడుకును తెచ్చింది. అదే జలుబు, అదే దగ్గు. డాక్టరమ్మ వాడి చొక్కా ఎత్తి, గడియారం చూస్తూ ఒక నిమిషం ఊరుకుని, యాంటీబయాటిక్ రాసింది.

'ఆహా, కావలసినవాళ్ళు కాబోలు!' సూదక్క ఇక ఆగలేకపోయింది. "నిన్నటి పాపకు లేని మందు వీడికెందుకమ్మా?"

డాక్టరమ్మ కోప్పడలేదు. గడియారం చేతికిచ్చింది. "మీరే లెక్కపెట్టండి, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో."

సూదక్క లెక్కపెట్టింది. అరవై రెండు.

"ఈ వయసులో యాభైకి చేరితే న్యుమోనియా అని అనుమానించాలి."

ఆ మాట సూదక్కకు నచ్చింది. నోట్‌బుక్ తీసి బల్ల మీద పెట్టింది. "మిమ్మల్నీ అనుమానించానమ్మా."

డాక్టరమ్మ పేజీలన్నీ చదివింది. "సగమే రాశారు. సిరప్పులు తాగినవాళ్ళకు ఎన్నాళ్ళకు తగ్గింది? అది తెలియకపోతే దేనితో పోల్చాలి?"

సూదక్క మళ్ళీ వీధులు పట్టింది. మందుల షాపులో కొనుక్కున్న తల్లుల్నీ అడిగింది. వాళ్ళ పిల్లలకూ అటూ ఇటూగా అన్ని రోజులే పట్టింది. పైగా కొందరికి విరేచనాలు పట్టుకున్నాయి. ఆ రాత్రి అన్నం సహించలేదామెకు. "మరి ఇన్నేళ్ళూ పిల్లల నోట్లో నేను పోసిన సిరప్పులేంటి?" అంది భర్తతో.

మేస్త్రీ కొడుకు కోలుకున్నాడు.

కొన్నాళ్ళకు మందుల కంపెనీ అతను ఆకలి పెంచే టానిక్ పట్టుకొచ్చాడు. డాక్టరమ్మ సీసా తిప్పి చూస్తూ, "వాడి చూద్దామా?" అంది సూదక్కతో.

"ఎంతమంది పిల్లలకిచ్చి చూశారు బాబూ?" అడిగింది సూదక్క. "ఇవ్వని పిల్లల్నీ చూశారా?"

అతను సంచి వెతికి, నవ్వుతున్న పాప బొమ్మ ఉన్న కాగితం ఇచ్చాడు. సూదక్క అటూ ఇటూ తిప్పింది.

"పాప ముద్దుగా ఉంది" అని కాగితం వెనక్కిచ్చేసింది. డాక్టరమ్మ నవ్వాపుకుంటూ సీసా కూడా ఇచ్చేసింది.